రెండు మిల్లీమీటర్లు తక్కువ

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో దేవుడి మీద నాకున్న కోపమంతా మిల్లీమీటర్లలోనే ఉండేది. అందం ఇవ్వలేదని కాదు, ఆస్తి ఇవ్వలేదని కాదు (ఆ రెండూ మనకు రావని బస్తీలో పుట్టిన పిల్లకు ఊహ తెలిసేసరికే తెలిసిపోతుంది). పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్ల నూట యాభై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుండాలి. నన్ను సాయంత్రం పూట గోడకు నిలబెట్టి కొలిస్తే నూట యాభై ఒకటి పాయింట్ ఎనిమిది. ఏడు మిల్లీమీటర్లు తక్కువ. అంటే ఒక శనగగింజంత. మొదటి రాత పరీక్ష పాసయ్యాను, పరుగులో మగపిల్లలను కూడా దాటేసేదాన్ని, కానీ ఆ శనగగింజ దగ్గరే నా బతుకు ఆగిపోయింది. దేవుడు అంత చేసినవాడు ఇంకొక్క చిటికెడు మట్టి వేస్తే ఆయన సొమ్మేం పోయేదని రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ తిట్టుకునేదాన్ని.

మాది పాలమూరు జిల్లా. నేను పుట్టకముందే మా అమ్మానాన్నలు పట్నం వచ్చి బిల్డింగు పనుల్లో పడ్డారు. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయాడు. అమ్మ మాత్రం తట్ట దించలేదు. ఎక్కడ బిల్డింగు లేస్తుంటే అక్కడే రేకుల షెడ్డులో కాపురం. అప్పట్లో రాంనగర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కింద ఉండేది. ఆ సిమెంటు దుమ్ములో చదువు సాగదని నన్ను చిక్కడపల్లి మార్కెట్ వెనక ఒక లేడీస్ హాస్టల్‌లో వేసింది. ఒక గదిలో ఆరుగురం, ఆరుగురికీ ఒకే కిటికీ. నాకు ఉద్యోగమొస్తే అమ్మ నెత్తి మీద తట్ట దిగుతుంది. నాకున్న లెక్క అదొక్కటే. అప్పటికే ఆమె మెట్లెక్కుతూ నాలుగో అంతస్తు దగ్గర నడుం పట్టుకుని నిలబడిపోవడం రెండుసార్లు కళ్లారా చూశాను.

అశోక్‌నగర్‌లో మేం చదివే కోచింగ్ సెంటర్‌లో జీవశాస్త్రం చెప్పే ఒక సారు ఉండేవాడు. ఆయనకు మేం పెట్టిన పేరు బొక్కల సారు (ఎముకను మా వైపు బొక్క అంటాం). సన్నగా, పొడుగ్గా, ఏ ఎముక ఎక్కడుందో చొక్కా పైనుంచే చూపించగలిగేంత బక్కగా ఉండేవాడు. మూడొందల మంది కిక్కిరిసిన హాలులో మైకు పట్టుకుని ఆయన బొక్కల గురించి చెబుతుంటే హరికథ విన్నట్టుండేది. "పుట్టినప్పుడు మనకు మూడొందల దాక బొక్కలు. పెద్దగయ్యేసరికి రెండొందల ఆరే. మిగిలినయ్ ఏడ పోయినయ్? ఎవ్వడు ఎత్కపోలే. ఒకదానికొకటి అతుక్కున్నయ్. బిట్టు, రాస్కోండ్రి!" అనేవాడు. "బొక్క అంటే రాయి అనుకుంటున్నరు మీరు. కాదు. పని నడుస్తున్న బిల్డింగు అది. ఒక గ్యాంగు కూలగొడ్తుంటది, ఇంకో గ్యాంగు కడ్తుంటది. మీరు చచ్చేదాక ఆ పని బంద్ కాదు. వయసుల ఉన్నప్పుడు కట్టేటోళ్లు ఎక్కువ. ముసలితనంల కూలగొట్టేటోళ్లు ఎక్కువ. గంతే కథ."

నాకు ఈ పాఠం పుస్తకం తెరవకుండానే వచ్చేసింది. కూలగొట్టేదీ కట్టేదీ మా అమ్మేగా. అయితే ఆ రోజే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. పొడుగు బొక్కల కొసల్లో ఒక మెత్తటి పట్టీ ఉంటుందట. పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల మీద ఇనుప చువ్వలు వదిలిపెడతారు చూడండి, అలాంటిదట అది. ఆ పట్టీ ఉన్నన్నాళ్లే ఎదుగుదల. అది గట్టిపడిందా, చువ్వలు కోసేసినట్టే. నేను ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. "సార్, ఆడపిల్లలకు ఆ చువ్వలు ఎన్నేండ్లకు కోస్తరు సార్?" అన్నాను. "పదహారు, మస్తంటే పద్దెనిమిది. నీకెన్నేండ్లు?" అన్నాడాయన. "ఇరవై రెండు" అన్నాను. ఆయన మైకు కాసేపు పక్కకు పెట్టి నా వంక జాలిగా చూసి, "కూసో బిడ్డా" అన్నాడు. మూడొందల మందీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుస్తానని నవ్వాను.

ఈ సంగతి మా అమ్మకు చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. పైకి లేవని బిల్డింగు ఉంటుందంటే ఆమె ఒప్పుకోదు. ఆదివారం వచ్చిందంటే ముషీరాబాద్ వెళ్లి మేక కాళ్లు తెచ్చి, షెడ్డు ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పొద్దంతా మరిగించి, ఆ రసం టిఫిన్ డబ్బాలో పోసుకుని హాస్టల్‌కు నడిచొచ్చేది. "తాగు. బొక్కల రసం తాగితే బొక్కలు పెరుగుతయ్" అని నేను ఆఖరి చుక్క మింగేదాకా ఎదురుగా కూర్చునేది. తాను మాత్రం ఒక్క గుక్క తాగేది కాదు. "నాకెందుకే, నేనేమన్న పోలీసైతనా?" అనేది. నా వంతు ప్రయత్నాలు నేనూ చేశాను. హాస్టల్ మిద్దె మీద వాటర్ ట్యాంకు పైపు పట్టుకుని రోజూ వేలాడేదాన్ని. పదకొండో రోజున పైపు ఊడి నా చేతికొచ్చింది. నేనేమీ పెరగలేదు గానీ హాస్టల్‌లో యాభై మందికి రెండు రోజులు నీళ్లు లేవు. వార్డెన్ నన్ను తిట్టిన తిట్లు కొలిస్తే తాటిచెట్టంత ఎత్తుండేవి.

అప్పుడు రంగంలోకి దిగింది జీకే అక్క. నా పక్క మంచం ఆమెది. నాలుగేళ్లుగా ఉద్యోగాల పరీక్షలు రాస్తూ, లోకంలో ఉన్న జనరల్ నాలెడ్జ్ అంతా మింగేసి, ఉద్యోగం మాత్రం రాక మిగిలిపోయిన మనిషి. ఆమె చెప్పింది: వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలుంటాయి, రోజంతా నిలబడి ఉంటే అవి అణిగిపోతాయి, పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి, అందుకే మనిషి పొద్దున లేవగానే పొడుగ్గా ఉంటాడు. నిజమే. పొద్దున లేవగానే కొలిస్తే నేను నూట యాభై రెండు పాయింట్ నాలుగు. ఒక సెలవునాడు మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటిదాకా వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టి కొలిచింది. నూట యాభై రెండు పాయింట్ ఆరు! ఇద్దరం కౌగలించుకుని ఎగిరాం. (ఎగిరినందుకు మళ్లీ కొలిస్తే పాయింట్ ఐదు.) "చూసినవా? నువ్వు పొట్టిదానివి కాదే. నిలబడితేనే పొట్టిదానివి. ఎత్తు కొలిచే మైదానం దాక పండుకోనే పోవాలె, మిషిన్ కాడనే లేవాలె" అని తేల్చేసింది జీకే అక్క.

పండుకుని ఎలా పోవాలి? ఆటోలో పడుకోలేం, బస్సులో అసలే కాదు. అమ్మ మేస్త్రి కాళ్లావేళ్లా పడి, సెంట్రింగు సామాను మోసే ట్రాలీ ఆటో పొద్దునపూట కోసం మాట్లాడింది. ఎత్తు కొలిచే రోజు రానే వచ్చింది. తెల్లారి ఆరున్నరకు ట్రాలీ హాస్టల్ ముందు ఆగింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నేను మంచం దిగలేదు. నలుగురు ఆడపిల్లలు నన్ను చాపలో చుట్టినట్టు పట్టుకుని రెండంతస్తుల మెట్లు దించి, ట్రాలీలో వేసిన సెంట్రింగు చెక్క మీద పడుకోబెట్టారు. దుమ్ము పడకుండా జీకే అక్క హాస్టల్ దుప్పటి తెచ్చి తల నుంచి కాళ్లదాకా కప్పింది. హాస్టల్ దుప్పట్లన్నీ తెల్లవే. అమ్మ మంచి జరగాలని నా నుదుట అరచేతి మందాన పసుపూ కుంకుమా పెట్టింది, తల దగ్గర ఒక కొబ్బరికాయ పెట్టింది, చెక్క సందులో నాలుగు అగరొత్తులు గుచ్చి వెలిగించింది. పొద్దున్నే లేచిన మనిషి, తల కూడా దువ్వుకోలేదు. జుట్టు విరబోసుకుని నా తల పక్కన కూర్చుంది. జీకే అక్క కాళ్ల దగ్గర కూర్చుంది.

చెక్క మీద మనిషి, మీద తెల్ల దుప్పటి, తల దగ్గర కొబ్బరికాయ, అగరొత్తులు, పక్కన విరబోసుకున్న జుట్టుతో తల్లి. ఆ ట్రాలీలో ఉన్న మా ముగ్గురిలో ఒక్కరికీ అది ఎలా కనబడుతోందో తట్టలేదు. మా బుర్రల నిండా మిల్లీమీటర్లే.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఎక్కాక నాకు ఏదో తేడా తెలిసింది. హారన్లు ఆగిపోతున్నాయి. దుప్పటి పల్చగా ఉంటే లోపలి నుంచి చూశాను. చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లు గ్లాసులు దించి చేతులు జోడిస్తున్నారు. ఒక పెద్దాయన స్కూటర్ ఆపి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పూలమ్మే ఆమె ఒక గుప్పెడు బంతిపూలు విసిరింది. ఒకటి సరిగ్గా నా ముక్కు మీద పడింది. అప్పుడర్థమైంది నాకు, నా చావుకు నేనే వెళ్తున్నానని. నవ్వు ఆపుకోలేక పొట్ట కదులుతుంటే జీకే అక్క నా కాలు గట్టిగా గిల్లింది. "కదలకు! కదిలితే అణుగుతవ్" అని గుసగుసలాడింది. ఆమెకు అప్పటికీ ఎత్తు ధ్యాసే.

నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ బండి ఆపాడు. సామాన్ల బండిలో మనుషులను ఎక్కించకూడదు కదా. కానిస్టేబుల్ వెనక్కొచ్చాడు. తెల్ల దుప్పటి చూశాడు. టోపీ తీశాడు. "ఎవరమ్మా?" అన్నాడు మెల్లగా.

"నా బిడ్డ సార్" అంది అమ్మ.

"ఒక్కతేనా?"

"ఒక్కతే సార్."

"ఏం చేస్తుండె?"

"అశోక్‌నగర్ల నౌకరీకి చదువుతుండె సార్. అన్నీ పాసైంది. జర పొట్టిగున్నదని..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది అమ్మ. ఆమె అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అంతా నిజమే. కానీ ఆ కానిస్టేబుల్ ఆ నిజాన్ని ఇంకోలా విన్నాడు. అశోక్‌నగర్ పేరు వినగానే, నౌకరీ రాక ప్రాణం తీసుకున్న పిల్లననుకున్నాడు. "ఈ గల్లీలల్ల పిల్లలు ఇట్లనే అయితున్రు" అని ఎటో చూశాడు. తర్వాత చౌరస్తా నడిమధ్యకు పోయి, రెండు చేతులూ చాపి, నాలుగు వైపులా బండ్లు ఆపేశాడు. నారాయణగూడ చౌరస్తా ఆగిందంటే అది మంత్రుల కోసమే ఆగాలి. ఆ రోజు ఒక శనగగింజ కోసం ఆగింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది మా హాస్టల్‌లో చెప్పుకుని నవ్వుకునే కథే అయ్యేది. కానీ "పొట్టిగున్నదని" అన్న మాట దగ్గర అమ్మ గొంతులో ఏదో తెగింది. ట్రాలీ చౌరస్తా దాటింది, కానిస్టేబుల్ వెనకబడిపోయాడు, ఇక ఎవరి కోసమూ ఏడవనక్కర్లేదు. అయినా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మా దిక్కు చావు దగ్గర రాగం తీసి ఏడుస్తారే, అట్లా. నాన్న పోయిన రోజు తర్వాత ఆ రాగం మళ్లీ అప్పుడే విన్నాను.

"బిడ్డా... నువ్వు కడుపుల ఉన్నన్ని దినాలు ఇటికెలు మోస్తినే బిడ్డా... తొమ్మిదో నెల్ల గూడ నిచ్చెనెక్కితినే... గుక్కెడు పాలు తాగకపోతిని, నీకు తాపకపోతిని... గంజి మీదనే సాదితినే... ఏడేండ్ల దానివి, నీ నెత్తి మీద ఇసుక తట్ట పెడ్తినే బిడ్డా... ఆ బరువుకే నువ్వు అణిగిపోతివే... నీ ఎత్తు నేనే తింటినే బిడ్డా..."

ఆ దుప్పటి కింద నేను వెల్లకిలా పడుకుని అదంతా విన్నాను. చచ్చిన మనిషికి చెప్పుకునే మాటలను బతికుండగా విన్నదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇన్నేళ్లుగా ఆమె మనసులో ఇదుందని నాకు తెలియదు. ఆదివారాల మేక కాళ్ల రసం ఎందుకో అప్పుడు తెలిసింది. నా చెవుల్లోకి కన్నీళ్లు కారుతున్నాయి (వెల్లకిలా పడుకుని ఏడిస్తే అవి చెవుల్లోకే పోతాయి). లేచి కూర్చుని, "అమ్మా, నీవల్ల కాదే" అని ఆమె మెడ చుట్టూ చేతులేస్తే సరిపోయేది. ఒక్క నిమిషం పని. కానీ లేస్తే బిళ్లలు అణుగుతాయి. నేను లేవలేదు. ఆ మిల్లీమీటర్లు కాపాడుకోవడానికి, కన్నతల్లి గుండెలు బాదుకుంటుంటే పీనుగులా పడుకున్నాను. నా జీవితంలో సిగ్గుపడాల్సిన పనులు కొన్ని చేశాను, వాటిలో ఇదే ముందుంటుంది.

ఇంతా చేస్తే ఏమైంది? మైదానం గేటు లోపలికి ట్రాలీని రానివ్వలేదు. గేటు బయటే నన్ను లేపి నిలబెట్టారు. లోపల వరుస. వరుస అంత పొడుగుంటుందని, జీకే అక్కకున్న జీకే అంతా కలిపినా ముందు తట్టలేదు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. నా బిళ్లలు ఒక్కొక్కటే అణుగుతున్నట్టు నాకు వినబడుతోంది. చివరికి మిషిన్ కింద నిలబడ్డాను. తెలియకుండానే మడమలు లేచాయి. అక్కడున్న మేడమ్ లాఠీ కొసతో నా పాదం మీద తట్టి, "మడమలు కింద" అంది. దించాను. మిషిన్ మీద ఎర్ర అంకెలు వెలిగాయి. నూట యాభై రెండు పాయింట్ మూడు. రెండు మిల్లీమీటర్లు తక్కువ. "మేడమ్, ఇంకొక్కసారి" అన్నాను. "నెక్స్ట్" అంది. ఆమె తప్పేం లేదు. వెనక వెయ్యి మంది ఉన్నారు.

బయట గేటు దగ్గర అమ్మ కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంది. కొట్టాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. "పెరిగినవా బిడ్డా?" అంది. "జర పెరిగిన అమ్మా. సాల్లేదు" అన్నాను. "మల్లొచ్చేసారికి పెరుగుతవ్ తియ్" అని ఆ కాయ నాకిచ్చి, మధ్యాహ్నం స్లాబు పని ఉందని అటు నుంచటే వెళ్లిపోయింది. చువ్వలు కోసేశారని అప్పుడూ చెప్పలేదు. ట్రాలీలో ఏడ్చిన ఏడుపు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొబ్బరికాయతో హాస్టల్‌లో పచ్చడి చేసుకున్నాం.

పోలీసును కాలేదు. ఎక్స్‌రే తీసే కోర్సు చదివాను (దానికి ఎత్తు అడగలేదు). ఇప్పుడు హైదర్‌గూడలో ఒక చిన్న ఆసుపత్రిలో పొద్దస్తమానం జనం బొక్కలు చూడటమే నా పని. నాకు జీతం మొదలైన నెలే అమ్మ తట్ట దించింది. కాకపోతే అప్పటికే ఆలస్యమైంది. మొన్న నడుంనొప్పి అంటూ మంచం దిగలేకపోతే మా ఆసుపత్రికే తీసుకొచ్చాను. నా చేతుల మీదుగానే బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. ఏసీ చలికి వణుకుతుంటే దుప్పటి తెచ్చి కాళ్ల మీద కప్పాను. ఆసుపత్రి దుప్పటి. తెల్లదే.

"అమ్మా, కదలకు. ఊపిరి బిగబట్టు" అన్నాను అద్దం వెనక నుంచి.

అమ్మ నా వైపు తల తిప్పింది. "గట్లనా? మరి ఇగ నువ్వేడువు" అంది. "ఆనాడు నేనేడిస్తే సప్పుడు చెయ్యకుండ మంచిగ ఇన్నవ్ గద. ఇయ్యాల నా వంతు, నేనింట."

నేను అంతా వింటూ కూడా లేవలేదని అన్నేళ్లూ ఆమెకు తెలుసన్నమాట. అమ్మ బల్ల కదిలేలా నవ్వింది. ఎక్స్‌రే అంతా అలికినట్టు వచ్చింది. రెండోసారి తీయాల్సి వచ్చింది. అందులో ఆమె వెన్ను సరిగ్గా కనబడింది. నడుము దగ్గర మూడు పూసలు ముందువైపు నలిగి, ఒకదాని మీద ఒకటి కూలబడి ఉన్నాయి. ముప్పై ఏళ్ల ఇటుకలూ ఇసుకా ఎక్కడికీ పోలేదు, అన్నీ అక్కడే ఉన్నాయి. బొక్కల సారు చెప్పని సంగతి ఒకటి నేను ఈ కోర్సులో చదువుకున్నాను. కడుపుతో ఉన్న తల్లికి సరైన తిండి లేకపోతే, లోపలి బిడ్డ ఊరుకోదు. తల్లి బొక్కల్లోంచి సున్నం లాక్కుని తన బొక్కలు కట్టుకుంటుంది. తల్లిపాలు తాగేటప్పుడు ఇంకాస్త లాక్కుంటుంది. తర్వాత కడుపునిండా తిని, కాస్త కూర్చునే తల్లికి ఆ లోటు మెల్లగా పూడుతుందట. మా అమ్మ కూర్చున్నదెప్పుడు?

ఆమెను లేపి కూర్చోబెట్టి, జాకెట్టు హుక్కులు పెడుతూ చెప్పాను. ట్రాలీలో చెప్పాల్సిన మాట, పదేళ్లు ఆలస్యంగా. "అమ్మా, నువ్వు నా ఎత్తు తినలేదే. నేనే నీ బొక్కలు తిన్న. కడుపుల ఉన్నప్పుడే తిన్న. పుస్తకంల రాసుంది."

ఏడుస్తుందనుకున్నాను. అమ్మ ఎక్స్‌రే బొమ్మ వంక ఒక నిమిషం చూసి, "తింటే తిన్నవ్ తియ్. నువ్వుగాక ఇంకెవరు తింటరు?" అంది, మిగిలిన అన్నం నేను తినేశానన్నంత తేలిగ్గా.

డాక్టరుగారి చీటీలో ఎత్తు కూడా రాయాలి. గోడకున్న కొలబద్ద దగ్గర నిలబెట్టాను. ఒకప్పుడు నాకంటే నాలుగు వేళ్లు ఎత్తుండే మనిషి, ఇప్పుడు నా చెవి దగ్గరికొచ్చింది. "ఎంతున్న?" అంది. "నూట నలభై నాలుగు" అన్నాను. "పోలీసుల తీసుకుంటరా మరి?" అంది. "ఇంకొంచెం పెరగాలె" అన్నాను. ఆ మాట అనగానే, నొప్పికి పళ్లు బిగబట్టి మరీ, మెల్లగా మడమలు ఎత్తింది. నేను చూశాను. ఆనాడు లాఠీ కొసతో నా పాదం మీద తట్టిన మేడమ్ గుర్తొచ్చింది, ఆ దుప్పటి కింద బిగుసుకుని పడుకున్న పొట్టిపిల్ల కూడా గుర్తొచ్చింది. నాకు నవ్వొచ్చింది. చూడనట్టు ఊరుకుని, చీటీ మీద రెండు మిల్లీమీటర్లు ఎక్కువే రాశాను.